గాల్లో బిగించిన బోల్టు

టక్.

ముందు చక్రాలు స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు ఏమీ లేదు. వెనక చక్రాలు ఎక్కి దిగేటప్పుడు వచ్చింది ఆ చప్పుడు. ఎవరో సీటు కింద దాక్కుని సుత్తితో ఇనపరేకు మీద ఒకే ఒక్క దెబ్బ వేసినట్టు.

"టక్!" అని అరిచారు వ్యాన్‌లో పిల్లలందరూ ఒక్క గొంతుతో. ఆ వెంటనే నవ్వులు.

వాళ్లకది ఆట అయిపోయింది. స్టీరింగ్ పట్టుకున్న ఆమె మాత్రం ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ పక్క అద్దంలో వెనక చక్రం వైపు చూస్తోంది.

ఆమెని పిల్లలు వ్యానత్త అంటారు. పిల్లల్ని చూసి తల్లిదండ్రులూ, తల్లిదండ్రుల్ని చూసి స్కూలు వాచ్‌మన్‌తో సహా అందరూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. అసలు పేరుతో పిలిస్తే ఆమే ఒక్క క్షణం ఎవరినా అని వెనక్కి తిరిగి చూసుకుంటుంది.

"అత్తా, ఇంకోసారి!" వెనక సీటు నుంచి ఆర్డరు.

"ఇంకోసారంటే రోడ్డుని వెనక్కి చుట్టాల్రా. కూర్చో."

బ్రేకు వేసింది. బండి ఆగలేదని కాదు. ఆగింది. ఆగే ముందు వెనక భాగం ఎడమకి కొంచెం జరిగి, ఏదో ఆలోచించుకున్నట్టు నిలిచి, మళ్లీ దారిలోకొచ్చింది. పిల్లలు గమనించలేదు. ఆమె చేతులు గమనించాయి.

ఈ వింత చూడండి. కంపెనీ వాళ్లు పిలవకముందు ఈ బండి పిల్లిలా నడిచేది. ఈ మోడల్ బళ్లలో వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనప ఆర్మ్ బలహీనంగా ఉందనీ, విరిగే ప్రమాదం ఉందనీ, అందర్నీ షోరూమ్‌కి రమ్మనీ కంపెనీయే కబురు పెట్టింది. రీకాల్ అన్నారు. పైసా లేకుండా కొత్త ఆర్మ్ వేస్తామన్నారు. ఆర్మ్ విరిగితే ఏమవుతుందో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. పరిగెత్తేవాడి కాలు మడతపడితే ఏమవుతుందో అదే అవుతుంది. అందుకే అందరికంటే ముందు వెళ్లి మార్పించుకుంది.

మార్పించుకున్నాక మొదలైంది చప్పుడు.

*

పిల్లల్ని స్కూల్లో దింపి నేరుగా షోరూమ్‌కి పోనిచ్చింది.

షోరూమ్ ముందంతా అద్దాలు, చల్లగాలి, కొత్త సీట్ల వాసన. వెనక వర్క్‌షాప్. మధ్యలో ఒక గాజు తలుపు. కస్టమర్లు ఆ తలుపు దాటరాదు. తలుపుకి ఇవతల కూర్చునే సర్వీస్ అడ్వైజర్ని డ్రైవర్లందరూ 'నో ప్రాబ్లమ్' అంటారు. ఎదురుగా బండి తగలబడుతున్నా ఆ కుర్రాడి నోటి నుంచి మొదట వచ్చే మాట అదే.

"చప్పుడా మేడమ్? నో ప్రాబ్లమ్. చూసేద్దాం."

తాళాలు తీసుకుని ఎక్కాడు. అద్దాలు పైకెత్తాడు, ఏసీ పెట్టాడు. షోరూమ్ ముందున్న నున్నటి రోడ్డు మీద ఆ చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు.

"నాకేం వినపడలేదు మేడమ్."

"స్పీడ్ బ్రేకర్ ఎక్కించలేదుగా బాబూ."

"కొత్త పార్టు కదా, సెట్ అవ్వాలి. కొత్త చెప్పులు కరవవూ? అలాగే."

"కొత్త చెప్పులు నన్ను కరుస్తాయి. ఇది ఎవర్ని కరుస్తుందో తెలుసా?"

నో ప్రాబ్లమ్ నవ్వాడు. ఆ నవ్వు కూడా షోరూమ్‌తో పాటు కొన్నట్టే ఉంటుంది.

"ఖాళీ బండికి అంత తెలీదు," అందామె. "లోడు ఉండాలి."

"అయితే లోడుతో తీసుకురండి మేడమ్. నో ప్రాబ్లమ్."

"లోడంటే పిల్లలు బాబూ."

ఈసారి అతను ఆ రెండు ముక్కలూ అనలేదు. గొంతు సవరించుకుని, తాళాలు బల్ల మీద పెట్టి, ఆమె వెనక నిలబడ్డ మనిషి వైపు చూసి "చెప్పండి సార్" అన్నాడు.

గాజు తలుపుకి అవతల, పైకెత్తిన ఒక బండి కింద ఆమె తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఈ వర్క్‌షాప్‌లో మెకానిక్ అతను. అక్కని చూశాడు. చెయ్యెత్తబోయి, ఎత్తిన చేతిని తలకి రాసుకుని, బండి కిందికి మొహం తిప్పుకున్నాడు.

*

ఇద్దరిదీ ఒకే ఇల్లు. ముందు వాటా ఆమెది, వెనక వాటా తమ్ముడిది. మధ్యలో బట్టలారేసుకునే జాగా. సాయంత్రం తమ్ముడు పనినుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, ఆమె టార్చిలైటు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఏంటక్కా?"

"దూరు."

గోనెపట్టా పరుచుకుని వ్యాన్ కిందికి దూరాడు. కాసేపు అతని పాదాలు మాత్రం కనపడ్డాయి. "ఎక్కి ఊగు," అన్నాడు కిందనుంచి. ఆమె వెనక సీట్లోకెక్కి అటూ ఇటూ బరువు వేసింది. టక్. మళ్లీ ఊగింది. టక్. 

బయటికి వచ్చి చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మురికి పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"ఒరేయ్, చేతులు అరిగిపోతాయి. చెప్పు."

"బుష్ చిరిగింది."

"అంటే?"

తమ్ముడు మాటల మనిషి కాదు. "చెయ్యి కిందికి వేలాడెయ్యి," అన్నాడు. వేలాడేసింది. భుజం దగ్గర జాకెట్టు చేతిని గుప్పెట్లో బిగించి పట్టుకున్నాడు. "ఇప్పుడు చెయ్యి పైకెత్తు."

ఎత్తింది. బట్ట మెలికపడి చర్మాన్ని కోసింది. ఇంకాస్త ఎత్తేసరికి చంకలో కుట్టు పుటుక్కుమంది.

"అదీ," అన్నాడు వదిలేసి. "లిఫ్ట్ మీద బండి గాల్లో ఉంటుందక్కా. చక్రం, దాన్ని పట్టుకునే ఆర్మ్ ఇలా వేలాడుతుంటాయి. అప్పుడు బోల్టు బిగించేస్తే లోపలి రబ్బరు బుష్ అక్కడే పట్టేసుకుంటుంది. బండి దించగానే బరువుకి ఆర్మ్ పైకి లేస్తుంది. రబ్బరు మెలికపడుతుంది. గుంత గుంతకీ మెలికే. ఇక చిరగక ఏం చేస్తుంది?"

"మరెలా బిగించాలి?"

"నేల మీద నిలబెట్టి, కింద గుంటలో నుంచుని బిగించాలి. గుంట ఒక్కటే ఉంది. అది డబ్బులిచ్చే బళ్లకి. రీకాల్ ఫ్రీ పని. కంపెనీ ఇచ్చే టైములో బండి దించి, గుంట మీదికి తోసి, మళ్లీ బిగిస్తామంటే ఫోర్‌మన్ ఊరుకోడు. అందుకని అన్నిటికీ గాల్లో బిగింపే."

"గాల్లో బిగింపా?"

"మాలో మేం అలా అంటాం." నవ్వబోయాడు, కుదరలేదు.

"నా బండి ఎవరు చేశారు?"

తమ్ముడు టార్చిలైటు వెలిగించి ఆర్పాడు. మళ్లీ వెలిగించాడు.

"నేనే. వేరేవాడి చేతికెందుకని అడిగి మరీ తీసుకున్నా. నీ బండి ఒక్కటైనా దించి బిగిద్దామనే అనుకున్నానక్కా. వెనకాల ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు. తర్వాత చూద్దాంలే అనుకున్నా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునన్నట్టు నిలబడ్డాడు అతను.

"ఆర్మ్ విరుగుతుందా?"

"చిరిగిన బుష్‌లో బోల్టు ఆడుతుంది. ఆడే బోల్టు ఆర్మ్‌ని కొడుతుంది. నువ్వు వినేది అదే. ఎంతకాలం ఓర్చుకుంటుందో..." ఆపేశాడు. "కొత్త బుష్ తెచ్చి నేనే వేస్తా. రెండ్రోజులు ఓపిక పట్టు."

"మిగతా బళ్లో?"

తమ్ముడు గోనెపట్టా చుట్టడం మొదలుపెట్టాడు.

"మీసాల బాబాయ్ బండి?"

అదే స్కూలుకి రెండో వ్యాన్ నడిపే పెద్దాయన మీసాల బాబాయ్. ఆయన పిల్లల్ని ఎక్కించుకుని రోజూ ఫ్లైఓవర్ మీదుగా వెళ్తాడు.

"అదీ మా దగ్గరే," అన్నాడు తమ్ముడు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకక్కా? చప్పుడొస్తే ఆయనే వస్తాడు."

"ఆయన రేడియో కట్టేస్తేగా వినపడ్డానికి! నేను మేనేజర్ని కలుస్తా."

వెనక వాటా గుమ్మంలో నిలబడి వింటున్న మరదలు తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "వదినా, ఈయన పేరు బయటికొస్తే..."

"వీడి పేరు ఎత్తుతానా నేను? ఎత్తితే నా నాలుక కోసుకుంటా. సరేనా?" అందామె.

*

మేనేజర్ కేకలేస్తాడనుకుని ఆమె సిద్ధపడే వెళ్లింది. ఆయన కేకలేయలేదు. లేచి కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. అంత బాగా వినేవాళ్లు ఆమె జీవితంలో తక్కువ. అందువల్ల కాబోలు, చెప్పాల్సిన దానికంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పింది.

"మీవాళ్లు గాల్లో బిగింపు బిగించి పంపిస్తున్నారు సార్. నా ఒక్కదాని బండే కాదు. అన్నీ."

మేనేజర్ పెన్ను మూత పెట్టాడు.

"చాలా మంచి పని చేశారమ్మా చెప్పి," అన్నాడు. "గాల్లో బిగింపు... బాగుంది ఆ మాట. వర్క్‌షాప్‌లో మావాళ్లు అనుకుంటుంటారు. బయట ఎవరూ అనగా వినలేదు."

నోట్లో ఉన్న టీ నోట్లోనే ఉండిపోయింది ఆమెకి.

"నేనే... కిందికి దూరి చూశాను సార్."

"చూస్తే రబ్బరు చిరిగిందని తెలుస్తుందమ్మా. ఎలా బిగించారో ఎలా తెలుస్తుంది?"

అడిగాడే కానీ జవాబు కోసం ఆగలేదు. ఆగకపోవడమే భయం పుట్టించింది. ఫోనెత్తి, "ఆ స్కూల్ వ్యాన్ గుంట మీదికి తీయించు. ముందు అదే. నువ్వే చెయ్యి," అన్నాడు. అప్పటికీ ఆయన గొంతులో తేడా లేదు.

ఆ రోజు గాజు తలుపు ఆమె కోసం తెరుచుకుంది. ఫోర్‌మన్ స్వయంగా గుంటలోకి దిగాడు. కొత్త బుష్‌లు వేశాడు. బండి బరువు చక్రాల మీద నిలిచాక, లెక్కప్రకారం బిగించే రెంచ్ వేసి లాగాడు. చాలినంత బిగుసుకున్నాక 'క్లిక్' మంది రెంచ్. ఆమె వంగి చూస్తూనే ఉంది. పెళ్లికూతుర్ని చేస్తున్నట్టు చేశారు బండిని.

పక్క లిఫ్ట్ మీద అదే మోడల్ బండి ఒకటి గాల్లో ఉంది. చక్రాలు కిందికి వేలాడుతున్నాయి. ఒకతను బోల్టులు బిగించే గన్ పెట్టి డర్ర్‌మనిపిస్తున్నాడు.

"అదో, అది కూడా..." అందామె.

ఫోర్‌మన్ అటు చూడకుండానే, "అది వేరే పని లెండి," అన్నాడు.

తమ్ముడి లిఫ్ట్ దగ్గర ఎవరూ లేరు. టీకి వెళ్లుంటాడనుకుంది. అనుకోవడం తేలిక కాబట్టి అలా అనుకుంది.

బయటికి రాగానే బండిని స్పీడ్ బ్రేకర్ మీదికి తోలింది. ఏ చప్పుడూ లేదు. వెనక్కి తిప్పుకొచ్చి మళ్లీ ఎక్కించింది. లేదు! రోడ్డు పక్కన పండ్లబండివాడు, ఈమెకేమైనా పిచ్చా అన్నట్టు చూశాడు. చూసుకోనీ. బ్రేకు నొక్కింది. బండి గీత గీసినట్టు నిలబడింది. పెద్దవాళ్లు తన మాట విన్నారు. తప్పు అని ఒప్పుకోకపోతేనేం, సరిచేశారు. మిగతావీ చేస్తారు. చెయ్యక ఎక్కడికి పోతారు?

*

సాయంత్రం పిల్లల్ని దింపి ఇంటికి వచ్చేసరికి వెనక వాటా మెట్ల మీద ఎర్రటి పెట్టె కనపడింది. తమ్ముడి పనిముట్ల పెట్టె.

మెకానిక్ రోజూ ఇంటికొస్తాడు. అతని పెట్టె రాదు. అది వర్క్‌షాప్‌లోనే ఉంటుంది. పెట్టె ఇంటికొచ్చిందంటే ఇక అడగడానికేమీ లేదు.

తమ్ముడు పక్కనే కూర్చుని స్పానర్లని ఒక్కొక్కటే తీసి గుడ్డతో తుడిచి, సైజు ప్రకారం మళ్లీ లోపల పెడుతున్నాడు. అవి ముందే శుభ్రంగా ఉన్నాయి.

"ఎవరు చెప్పార్రా? నేను నీ పేరెత్తలేదు. ఒట్టు."

"ఎత్తలేదంట."

"మరి?"

"'గాల్లో బిగింపు' అన్నావంటగా." తల ఎత్తలేదు. "మా అక్క నువ్వని అక్కడ అందరికీ తెలుసు కదక్కా."

ఆమె మెట్టు మీద కూలబడింది.

"నువ్వు వెళ్లాక మేనేజర్ అందర్నీ పిలిచాడు. కస్టమర్లు కూడా ఉన్నారు. నన్ను ముందు నిలబెట్టాడు. 'ఈ మనిషి నిర్లక్ష్యం వల్ల ఒక బండి తిరిగొచ్చింది. మా దగ్గర ఇలాంటివాటికి చోటు లేదు' అన్నాడు. ఫోర్‌మన్ తలూపాడు. మిగతావాళ్లు నేల చూశారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నీ బండి బిగించింది నేను కాదా?"

ఉరుము ఉరిమి మంగలం మీద పడిందంటే ఇదే. కాకపోతే ఈసారి ఉరిమింది తను.

లోపలి నుంచి మరదలు వచ్చింది. ఏడ్చిన మొహం. ఏడుపు అయిపోయాక మిగిలే గొంతుతో అడిగింది: "మీ నాలుక బాగానే ఉందా వదినా?"

"ఏయ్!" అన్నాడు తమ్ముడు.

"అననీరా," అంది ఆమె.

"అనక! ఇంకో షోరూమ్‌లో అడిగితే ఫోన్ చేసి కనుక్కోరా? పిల్లల వ్యాన్‌కి సరిగ్గా బోల్టు బిగించనివాడికి ఎవరిస్తారు పని? మీ బండి బాగైంది. అదే కదా కావాల్సింది మీకు. ఆయన చేసిస్తానన్నాడు కదా, రెండ్రోజులు ఆగమన్నాడు కదా!"

ఆమె దగ్గర జవాబు ఉంది. మిగతా బళ్లు, మిగతా పిల్లలు. కానీ ఆ ఎర్ర పెట్టె పక్కన కూర్చుని ఆ మాటలు అనడానికి నోరు రాలేదు.

"నీ మీద కోపం లేదక్కా," అన్నాడు తమ్ముడు. కోపం ఉంటే తీరేది. లేని కోపాన్ని ఆమె ఏం చేసుకుంటుంది?

*

మర్నాడు స్కూలు వదిలే వేళకి మీసాల బాబాయ్ వ్యాన్ పక్కనే తన వ్యాన్ ఆపింది. ఆయన బానెట్‌కి ఆనుకుని సోడా తాగుతున్నాడు. రేడియో మోగుతోంది.

"బాబాయ్, మీ బండికి వెనక చప్పుడొస్తోందా?"

"వచ్చేదమ్మాయ్. పొద్దున షోరూమ్‌కి తీసుకెళ్లాగా."

ఆమె ప్రాణం లేచొచ్చింది. "బాగుచేశారా? గుంట మీద పెట్టి మళ్లీ బిగించారా?"

"మళ్లీ దేనికి? అక్కడ ఎవడో ఒక మెకానిక్ బోల్టులు సరిగ్గా బిగించేవాడు కాదట. నిన్ననే గెంటేశారట. మేనేజరు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. ఆ నో ప్రాబ్లమ్ గాడు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి, అంతా ఓకే అన్నాడు. ఏమన్నా అను, మంచి కంపెనీ. తప్పు చేసినవాణ్ణి ఒక్క పూట ఉంచలేదు."

"బాబాయ్, మనిషిని తీసేస్తే మీ బండిలో బోల్టు మారుతుందా?"

"అదేం మాటమ్మాయ్!"

"అక్కడ అందరూ అలాగే బిగిస్తారు. ఒక్కడు కాదు. ఈరోజుకీ అలాగే బిగిస్తున్నారు. నేను కళ్లారా చూశాను. దయచేసి వేరే ఎక్కడైనా చూపించండి."

ఆయన సోడా సీసా దించి ఆమె మొహంలోకి చూశాడు. నమ్మబోతున్నాడు. ఆమెకి తెలిసింది, నమ్మబోతున్నాడు.

"నీకెలా తెలుసు అందరూ అలాగే అని?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. నిన్న ఒక అబద్ధం ఆడి తేలిపోయింది. ఈసారి నిజమే చెప్పింది.

"వాళ్లు తీసేసింది మా తమ్ముణ్ణి బాబాయ్. వాడే చెప్పాడు."

పెద్దాయన మొహంలో ఏదో సర్దుకుంది. కోపం కాదు. జాలి. సీసా పక్కన పెట్టి ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"ముందే చెప్పొద్దూ తల్లీ? మరి నీ బాధ నాకు తెలీదా? తోడబుట్టినవాడు. నలుగురిలో మాటపడ్డాడు. వెనకేసుకురాక ఏం చేస్తావు? నేనైనా అంతే."

"కాదు బాబాయ్..."

"నేనెవరికీ చెప్పనులే. అబ్బాయికి కొన్నాళ్లు పోతే వేరే పని దొరుకుతుంది. ఈసారి కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యమను."

స్కూలు గంట కొట్టారు. గేటు తెరుచుకుని పిల్లలు విరగబడ్డారు. సంచులు, సీసాలు, అరుపులు. మీసాల బాబాయ్ వాళ్లని ఒక్కొక్కళ్లనీ బుగ్గ గిల్లి మరీ వ్యాన్‌లోకి ఎక్కించాడు. చంటిపిల్లని ఎత్తి కిటికీ పక్కన కూర్చోబెట్టి, తలుపు రెండుసార్లు లాగి చూసుకున్నాడు. ఎంత జాగ్రత్త మనిషి! ఆమెకి చెయ్యి ఊపి, రేడియో కాస్త పెంచి కదిలాడు. అప్పటికే తన పిల్లలూ ఎక్కేయడంతో ఆమె కూడా వెనకాలే బయల్దేరింది.

గేటు ముందు స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగింది ఆ వ్యాన్. ఆ టక్ ఆమె విన్నది.

రోడ్డు చివర రెండు దార్లు. ఎడమది ఆమె వ్యాన్ పిల్లల ఇళ్ల వైపు. నేరుగా వెళ్తే ఫ్లైఓవర్. బాబాయ్ వ్యాన్ బ్రేకు లైట్లు వెలిగాయి. దాని వెనక భాగం ఎడమకి జరిగి, ఆలోచించుకుని, మళ్లీ దారిలోకొచ్చింది.

"అత్తా, అటు కాదు, మన ఇళ్లు ఇటు!" అని అరిచారు వెనక నుంచి.

ఎడమకి వేసిన ఇండికేటర్ ఆమె అప్పటికే తీసేసింది. ఫ్లైఓవర్ ఎక్కుతున్న ఆ వ్యాన్ వెనకాలే, మరీ దగ్గరకి పోకుండా, మరీ దూరం కాకుండా, దాని ఎడమ వెనక చక్రాన్ని చూస్తూ ఎక్కించింది. వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి. అది పక్కకి పడుకుంటే తను ఏం చెయ్యగలదో ఆమెకి తెలియదు. కళ్లు మాత్రం ఆ చక్రం మీంచి తియ్యలేదు.